గొలుసుకట్టు రాత

తపాలా శాఖ నుంచి ఉత్తరం వచ్చింది.
స్టాంపు మీదికి గుడ్డు బొమ్మ ఒకటి కావాలట,
బొటనవేలి గోరంత.
పక్షి పేరు కింద సన్న అక్షరాల్లో వేస్తారట.
"ఏ గుడ్డైనా ఫరవాలేదు" అని ముగించారు.

ఆ మాట లోమ్‌వీయి చెవిన పడిందా,
కొండ దిగి వచ్చి పొడుస్తుంది.

మా స్కూవోయ్ దీవి పడమటి కొస
సముద్రంలోకి నిట్టనిలువుగా తెగి ఉంటుంది.
అక్కడ జానెడు వెడల్పు రాతి అంచు మీద
నల్ల కోట్లు, తెల్ల పొట్టలు,
పెళ్ళి ఫోటోకి ఇరుక్కుని నిలబడ్డ చుట్టాల్లా
భుజాలు రాసుకుంటూ వేలకొద్దీ.
గూడు లేదు. పుల్ల లేదు.
ఏడాదికి ఒక్క గుడ్డు, వట్టి రాయి మీద.

తాత హానుస్ నడుముకి తాడు కట్టుకుని అక్కడికి దిగేవాడు.
గుడ్లు తెచ్చేది తినడానికే, అందులో సిగ్గేం లేదు.
కంటికి నచ్చినవాటికి మాత్రం సూదితో బెజ్జం పెట్టి
లోపలిది ఊదేసి, రంపప్పొట్టులో దాచాడు.
(ఊదినదీ వృథా పోలేదు. నానమ్మ అట్టు వేసేది.)
పెట్టెలో యాభై ఒకటి:
పాచి ఆకుపచ్చ, పాలనీలం, తడి ఇసుక,
ఒకటైతే ఉత్త తెలుపు.

నీలం కలపడానికే మూడు రోజులు పట్టింది.
తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కుదిరేది,
ఆరేసరికి బూడిద.

పైన ఉన్న గీతలు చెయ్యి జారిన సిరా అనుకున్నాను.
మ్యూజియంలో గుడ్లు కొలిచే సున్వా నవ్వింది.
తల్లి కడుపులోనే, చివరి గంటల్లో రంగు దిగుతుందట.
గుడ్డు కదిలితే గీత, నిలిస్తే చుక్క.
ఏ తల్లి చేతిరాత ఆ తల్లిదే,
బతికినన్నాళ్ళూ పెద్దగా మారదు.
అంత గుంపులోనూ తన గుడ్డుని
ఆ రాత చూసే పోల్చుకుంటుంది.

మరి ఈ కోసు ఆకారం ఎందుకు అన్నాను.
గిర్రున తిరుగుతుందే గాని దొర్లిపోదని ఒకప్పుడు చెప్పారట.
కాదు, వాలు మీద కుదురుగా ఉండటానికి అని ఒకరు,
రెట్ట అంటకుండా అని ఇంకొకరు.
వాళ్ళు తేల్చేదాకా ఆగితే స్టాంపు రాదు.
కంటికి కనిపించినట్టే గీశాను.

పద్నాలుగో గుడ్డు గీస్తుంటే
చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.
ఈ మెలిక నాకు తెలుసు.
ఈ పాచి రంగు మీద, మొద్దు కొస దగ్గర,
వెనక్కి తిరిగి తన తోకనే పట్టుకునే ఈ గొలుసుకట్టు
మొన్ననే రాశాను.
పెట్టె అంతా బోర్లించి వెతికాను.
మూడు.
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై.
మూడో చీటీ మీద తాత పెన్సిల్ రాత: "మళ్ళీ ఈమే."

గుడ్డు పోతే రెండు వారాల్లో ఇంకొకటి పెడుతుంది.
ఆ సంగతి తాతకి తెలుసు. ఆ ధైర్యంతోనే తీసుంటాడు.
నలభై ఒకటి లేదు.
యుద్ధంలో చేపల పడవ ఎక్కాడో,
ఆమే రాలేదో,
వచ్చినా చూసి వదిలేశాడో.
చీటీలో రాయని వాటికి నేను రంగు వెయ్యలేను.

ఆ గుడ్డే పంపాను.
బావుందన్నారు. కాకపోతే గీతలు గజిబిజిగా ఉన్నాయి,
కొన్ని తగ్గించవచ్చా అని అడిగారు.
ఒక్కటి తీసినా అది ఇంకెవరిదో గుడ్డవుతుందని రాశాను.

జవాబింకా రాలేదు. జూలై వచ్చింది.
రాత్రి పదకొండైనా వెలుతురు పోలేదు.
కొండ కింద పడవలో, ఒళ్ళో కాగితంతో నేను.
మూడు వారాల పిల్ల, ఎగరడం ఇంకా రానిది,
అంచు దాకా వచ్చి తటపటాయిస్తోంది.
కింద నీళ్ళ మీద తండ్రి పిలుస్తున్నాడు.
అన్ని గొంతుల్లో ఆ ఒక్కటి దానికి తెలుసు,
పెంకులో ఉండగానే విన్నది.

దూకింది.
నా పెన్సిల్ ముక్కు విరిగింది.
"ఇదేం పక్షి?" అన్నాడు పడవ నడిపే బార్దుర్,
కాగితం మీది వంకర గీత చూసి.
నేనింకా నీళ్ళకేసే చూస్తున్నాను.
ఒక పెద్ద చుక్క, పక్కనే ఒక చిన్న చుక్క,
పడమటికి.